గిరిజనుల నడుమ ఒక పండితుడు : ఆచార్య హైమన్‌డార్ఫ్ జీవితం

రాజ్యాలను ఏలినవారి చరిత్రలు మన పాఠ్యగ్రంథాలలో పుష్కలంగా ఉన్నాయి. ఆ రాజ్యాల అంచులలో, అడవులలో, కొండలలో బ్రతికిన ప్రజల కష్టసుఖాలను కనుగొని, గ్రంథస్థం చేసి, అంతటితో విరమింపక పాలకుల ముందుంచి పరిష్కారం కోసం పట్టుబట్టినవారి చరిత్రలు మాత్రం బహు స్వల్పం. అట్టి స్వల్పసంఖ్యాకులలో అగ్రగణ్యుడు ఆచార్య క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన పుట్టినది ఆస్ట్రియాలో, తనువు చాలించినది ఇంగ్లండులో. అయినప్పటికీ ఆయన జీవితంలోని సారవంతమైన సంవత్సరాలు తెలుగు నేలపైనే, నాటి హైదరాబాదు రాజ్యపు అడవులలో గడిచాయి. ఆదిలాబాదు ప్రాంతపు గోండు పల్లెలలో ఆయన పేరు నేటికీ ఇంటి పెద్ద పేరువలె వినబడుతుంది.

నెల్లూరు తీరంలోని కోటవాసులమైన మనకు ఆదిలాబాదు అడవులతో ఏమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధం ఉన్నదనియే మా అభిప్రాయం. మన ఊరికి చేరువగా స్వర్ణముఖి పారుతున్నది. తూర్పున బకింగ్‌హాం కాలువ, దానికి ఆవల సముద్రం. దక్షిణాన పులికాట్ సరస్సు, శ్రీహరికోట దీవి. ఈ ఇసుక నేలలలో, చిట్టడవులలో, ఉప్పుటేళ్ల ఒడ్డున యానాదులు తరతరాలుగా జీవిస్తున్నారు. పక్షులను కాపాడడానికి ఒక శాఖ, చేపల సంగతి చూడడానికి మరొక శాఖ, భూమి సంగతి చూడడానికి ఇంకొక శాఖ మనకు ఉన్నాయి. ఆ భూమిపైనే, ఆ నీటిపైనే ఆధారపడిన మనుష్యుని సంగతిని ఈ శాఖలన్నీ కలిసి ఆలోచించిన సందర్భాలు ఎన్ని? ఈ ప్రశ్నకు ఎనభై ఏండ్ల క్రిందటనే ఒక సమాధానం చూపిన వ్యక్తి హైమన్‌డార్ఫ్. అందువల్లనే ఆయన జీవితాన్ని ఈ సంచికలో పరిచయం చేయ సంకల్పించాము.

హైమన్‌డార్ఫ్ 1909వ సంవత్సరం జూన్ 22వ తేదీన వియన్నా నగరంలో ఒక సంపన్న ప్రభు కుటుంబంలో జన్మించారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి, అస్సాము కొండలలోను, బర్మా సరిహద్దులలోను నివసించే తెగల సమాజ వ్యవస్థపై పరిశోధన సాగించి 1931లో డాక్టరు పట్టం పొందారు. ఆ సిద్ధాంత గ్రంథం వ్రాసేనాటికి ఆయన ఆ కొండలను కన్నులారా చూడలేదు. గ్రంథాలయాలలోని పుస్తకాలే ఆయనకు ఆధారం. ఈ కొరత ఆయనను బాధించింది. పిమ్మట లండనుకు వెళ్లి, సుప్రసిద్ధ మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ నిర్వహించే చర్చాగోష్ఠులలో పాల్గొన్నారు. ప్రజల నడుమ నివసించి, వారి భాషలోనే మాట్లాడి, వారి దినచర్యను స్వయంగా గమనించనిదే ఏ సమాజమూ అర్థం కాదన్నది ఆ గురువు బోధ. హైమన్‌డార్ఫ్ దానిని జీవితాంతం విడువలేదు.

1936లో ఆయన భారతదేశానికి వచ్చి, నాగా కొండలలో కోన్యాక్ నాగుల మధ్య నివసించారు. ఆ అనుభవాలతో వ్రాసిన గ్రంథం 1939లో వెలువడి ఆయనకు కీర్తి తెచ్చింది. ఈ మధ్యనే, 1938లో, ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడారు. బెట్టీ అని అందరూ పిలిచే ఈమె కేవలం సహధర్మచారిణి కాదు, సహపరిశోధకురాలు. అడవి దారుల నడకలోను, గుడిసెలలోని కాపురంలోను, స్త్రీల నుండి విషయ సేకరణలోను ఆమె ఆయనకు కుడిభుజమై నిలిచారు. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథాల సూచికను సంకలనం చేసి ఆమె స్వతంత్రంగా కూడ విద్వల్లోకానికి ఎనలేని మేలు చేశారు.

దంపతులిరువురు 1939లో మరల భారతదేశానికి వచ్చారు. అంతలో రెండవ ప్రపంచయుద్ధం విరుచుకుపడింది. అంతకుముందు సంవత్సరమే జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించినందున హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మనీ ప్రయాణపత్రం. ఆ కారణంగా బ్రిటిషు ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశ ప్రజ అయినారు. ఇతరులవలె ముళ్లకంచెల శిబిరంలో మగ్గవలసినవారే. అయితే అధికారుల సౌజన్యంవల్ల హైదరాబాదు రాజ్యపు ఎల్లలు దాటరాదన్న నిబంధనతో ఆయనను విడిచిపెట్టారు. నిజాం ప్రభుత్వంలో ఉన్నతపదవిలో ఉన్న సర్ థియొడోర్ టాస్కర్ ఆయన పరిశోధనకు అండగా నిలిచారు. ఒక నిర్బంధం ఒక పండితునికి కార్యక్షేత్రమైనది. ఇట్టి విచిత్రాలు చరిత్రలో అరుదు.

మొట్టమొదట ఆయన నల్లమల అడవులలోని అమ్రాబాదు పీఠభూమికి వెళ్లి చెంచుల మధ్య నివసించారు. దుంపలు త్రవ్వి, తేనె తీసి, చిన్నచిన్న గుంపులుగా సంచరిస్తూ అడవినే నమ్ముకొని బ్రతికేవారు చెంచులు. వారి మాట తెలుగే గనుక ఆయన తెలుగు నేర్చుకొన్నారు. ఏ కుటుంబం ఏ కొండచరియలో దుంపలు త్రవ్వుకొంటుంది, ఏ గుంపు హద్దు ఎక్కడ ముగుస్తుంది, కరవు కాలంలో ఎవరు ఎవరిని ఆదుకొంటారు అన్న విషయాలను ఓర్పుతో విచారించి వ్రాసుకొన్నారు. బయటివారికి ఎవరిదీ కాని అడవిగా కనిపించేది చెంచులకు పేరు పేరునా పంచుకొన్న ఇల్లు అన్న సత్యం ఆయన పరిశోధనవల్ల వెల్లడైంది. చెంచులపై ఆయన గ్రంథం 1943లో వెలువడింది. ఆయన సిఫారసును అనుసరించి నిజాం ప్రభుత్వం అమ్రాబాదు ఎగువ పీఠభూమిలో సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల కొరకు ప్రత్యేకించింది. గ్రంథం ఒకటి ప్రభుత్వపు ఉత్తరువుగా మారడం అప్పటికి మన ప్రాంతాలలో కొత్త సంగతి.

తరువాత ఆయన దృష్టి గోదావరి తీరపు కొండరెడ్లవైపు మళ్లింది. పాపికొండల పరిసరాలలో పోడు వ్యవసాయంతో జీవించే ఈ ప్రజలు కలప గుత్తేదారుల అప్పులలో కూరుకొనిపోయి, వెదురు నరికి తెప్పలు కట్టే కూలీలుగా మారారు. ఎంత పని చేసినా తీరని అప్పు, లెక్క చదువుకొనలేని అజ్ఞానం, అడవిలో ఆహారమున్నా దానిని తెచ్చుకొనే తీరిక లేకపోవడం వారి దుస్థితికి మూలమని ఆయన గుర్తించారు. కేవలం ఆచారాలను వర్ణించి ఊరుకొనక, కూలి లెక్కలను, అప్పుల వివరాలను, గుత్తేదారుల పద్ధతులను కూడ నమోదు చేశారు. కొండరెడ్లపై గ్రంథం 1945లో ప్రచురితమైనది. అటవీశాఖ ఆదాయపు పట్టికలలో కలప విలువ కనిపిస్తుంది గాని, ఆ కలప నరికినవాని ఆకలి కనిపించదు. ఆ రెండవ పట్టికను పూరించినవారు హైమన్‌డార్ఫ్.

ఆయన జీవితానికి కేంద్రబిందువైన ఘట్టం ఆదిలాబాదులో ఆరంభమైనది. 1940లో జోడేఘాటు కొండలలో కుమురం భీము నాయకత్వాన గోండులు, కోలాములు తిరుగుబాటు చేయగా ప్రభుత్వం సాయుధ పోలీసులను పంపి అణచివేసింది. భీము, ఆయన అనుచరులు అనేకులు ప్రాణాలు అర్పించారు. తుపాకులతో శాంతి నెలకొన్నది గాని తిరుగుబాటుకు కారణం మాత్రం పాలకులకు బోధపడలేదు. ఆ కారణాన్ని పరిశీలించవలసిందిగా ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను కోరింది. ఆయన ఉట్నూరు ప్రాంతంలోని మార్లవాయి అనే గోండు గ్రామంలో గుడిసె వేసుకొని నివసించారు. గోండీ భాష నేర్చారు. ఊరి పెద్దల సభలలో కూర్చున్నారు. ప్రధానులు పాడే వంశగాథలను విన్నారు.

అక్కడ ఆయన కనుగొన్న విషయాన్ని మన విద్యార్థులు శ్రద్ధగా గ్రహించవలసి ఉన్నది. గోండులు తేలిక నేలలను కొన్నేళ్లు దున్ని, సారం తగ్గగానే కొన్నేళ్లు బీడు పెట్టి, మరల ఆ నేలకే తిరిగివచ్చేవారు. అది వారి తాతముత్తాతల వ్యవసాయ పద్ధతి. అటవీశాఖవారు రిజర్వు అడవులకు హద్దులు గీసే సమయంలో బీడుగా ఉన్న ఆ పొలాలు అడవిగా కనిపించాయి. హద్దు గీతలు పొలాలను మ్రింగివేశాయి. కొన్ని చోట్ల పల్లెలకు పల్లెలే ఖాళీ చేయవలసి వచ్చింది. మరొకవైపు, సాగులో ఉన్న భూములకైనా గోండుల చేతిలో పట్టాలు లేవు. సర్కారు దఫ్తరాల భాష ఉర్దూ. గోండు రైతుకు గోండీ తప్ప వేరొక భాష రాదు. పట్టా కోసం ఎవరిని అడగాలో, ఏ కాగితం వ్రాయించుకోవాలో తెలిసేది కాదు. ఆ తెలివి ఉన్న బయటివారు వచ్చి అదే భూమిపై తమ పేర్లు వ్రాయించుకొన్నారు. అటవీశాఖ తన చట్టం ప్రకారమే నడచింది. రెవెన్యూశాఖ తన దస్త్రాల ప్రకారమే నడచింది. రెండింటి నడుమ మనిషి నలిగిపోయినాడు. ఏ ఒక్కరి దుర్మార్గంకంటెను, ఒక శాఖకు తెలిసినది మరొక శాఖకు తెలియకపోవడమే అధిక నష్టం కలిగించిందని ఆ చరిత్ర చదివిన మాకు తోచింది.

ఈ రోగానికి మందు ఒక్కరి చేతిలో లేదని హైమన్‌డార్ఫ్ గ్రహించారు. పరిశోధకునికి విషయం తెలుసును గాని అధికారం లేదు. రెవెన్యూ అధికారికి అధికారం ఉన్నది గాని గోండీ తెలియదు. అటవీ అధికారికి చెట్ల లెక్క తెలుసును గాని బీడు పొలపు చరిత్ర తెలియదు. గోండు పెద్దకు అంతా తెలుసును గాని అతని మాట దఫ్తరు గుమ్మం దాటదు. వీరందరినీ ఒకచోట చేర్చడమే ఆయన చేసిన మహత్కార్యం. అదృష్టవశాత్తు ఆయనకు తగిన సహచరులు లభించారు. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూచిన సర్ విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ స్వయంగా బస్తరు మరియా గోండులపై 1938లో గ్రంథం వ్రాసిన పరిశోధకుడు. పరిశోధన విలువ తెలిసిన అధికారి పై పీఠంలో ఉండడంవల్ల క్రింది నివేదికలు అటకెక్కలేదు.

మరొక సహచరుడు సేతుమాధవరావు పగడీ. మరాఠీ, ఉర్దూ, పారశీక భాషలలో పండితుడు. గాలిబు, ఇక్బాలు కవిత్వాన్ని మరాఠీ పాఠకులకు అందించిన రసజ్ఞుడు. తరువాతి కాలంలో ప్రసిద్ధ చరిత్రకారుడు. హైదరాబాదు ప్రభుత్వోద్యోగిగా ఆదిలాబాదులో పనిచేసిన కాలంలో ఆయన గోండీ, కోలామీ భాషలను నేర్చి, వాటిపై రచనలు చేశారు. ఉర్దూ తెలుగు విద్యార్థులు కలిసి చదివే మన కళాశాలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పవలసినది. రాజభాషలో ఆరితేరిన ఒక అధికారి, లిపి సైతం లేదని లోకం చులకన చేసిన ఒక భాషను శిష్యునివలె నేర్చుకొన్నాడు. భాషలు మనుష్యులను విడదీసే గోడలు కావు. దాటదలచినవానికి అవే వంతెనలు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం నెలకొన్నది. గోండులకు గోండీలోనే తొలి పాఠాలు చెప్పాలన్నది అక్కడి నియమం. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారైనాయి. బయటినుండి వచ్చిన ఉపాధ్యాయుడు అడవిలో నిలువడు, నిలిచినా పిల్లలకు అతని మాట అర్థం కాదు. అందువల్ల గోండు యువకులనే ఎన్నుకొని, శిక్షణ ఇచ్చి, తమ పల్లెలలోనే బడులు నడిపించారు. ఇట్లా చదువుకొన్నవారిలో కొందరు పట్వారీలుగాను, గుమాస్తాలుగాను, అటవీశాఖలో చిన్న ఉద్యోగులుగాను నియుక్తులైనారు. పట్టా కాగితాన్ని చదువగల మనిషి ఊరిలో ఒక్కడున్నా మోసానికి సగం దారి మూసుకొనిపోతుంది. మాతృభాషలో ప్రాథమిక విద్య అన్న ఆదర్శాన్ని నేడు మనం సభలలో ఉపన్యాసాలుగా వింటున్నాము. మార్లవాయిలో అది 1943లోనే ఆచరణ.

కేస్లాపూరులో మెస్రం వంశీయులు ఏటా పుష్య అమావాస్యనాడు ఆరంభించే నాగోబా జాతర సుప్రసిద్ధం. వేలాది గోండులు ఒకచోట చేరే ఆ సందర్భంలోనే అధికారులు కూడ వచ్చి ప్రజల మొరలు వినే దర్బారును 1940ల దశకంలో హైమన్‌డార్ఫ్ ప్రవేశపెట్టారు. ప్రజలు దఫ్తరుకు నడిచివచ్చే బదులు దఫ్తరే ప్రజల వద్దకు నడిచివచ్చింది. అటవీ, రెవెన్యూ, విద్యాశాఖల అధికారులు ఒకే పందిరి క్రింద కూర్చున్నప్పుడు, మా శాఖ పని కాదని తప్పించుకొనే వీలు ఎవరికీ ఉండదు. ప్రభుత్వాలు మారినా ఆ ఆచారం నిలిచి ఉన్నది.

1944, 45 సంవత్సరాలలో ఆయనను ప్రభుత్వం ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేకాధికారిగా పంపింది. అక్కడ అపతానీల మధ్య పనిచేసి 1945లో తిరిగివచ్చి, నిజాం ప్రభుత్వానికి గిరిజనుల, వెనుకబడిన తరగతుల వ్యవహారాల సలహాదారుగా నియమితులైనారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యపదవిని కూడ నిర్వహించారు. ఫసలీ 1356లో, అనగా 1946లో, గిరిజన ప్రాంతాల రక్షణకు ఒక నిబంధన అమలులోకి వచ్చింది. హైదరాబాదు రాజ్యం భారత యూనియనులో విలీనమైన పిమ్మట 1949లో దాని స్థానే మరొక నిబంధన వెలువడింది. గిరిజనుల భూములు అన్యాక్రాంతం కాకుండ చూడడం, వారి తగవులను వారి పంచాయతీలే తీర్చుకొనేటట్లు చేయడం వీటి ముఖ్యోద్దేశాలు. లావణీ పట్టాల ద్వారా 1949 నాటికి ఆదిలాబాదులో సుమారు 1,60,000 ఎకరాల భూమి పదకొండు వేలమందికి పైగా గిరిజనుల పేర నమోదైనది. ఒక పరిశోధకుని నోటుపుస్తకం నుండి ఆరంభమైన పనికి ఇంతటి ఫలం దక్కడం అసామాన్యం.

ఆయన కృషిని ప్రశంసించేటప్పుడు దాని పరిమితులను కూడ చెప్పుకొనడం న్యాయం. భీమును బలిగొన్న ప్రభుత్వమే ఆయనకు ఆశ్రయమిచ్చింది; ఆ ప్రభుత్వపు అనుగ్రహంతోనే ఆయన పని సాగింది. భీము తిరుగుబాటు లేకపోయినట్లయితే ఆయన నివేదికను ఎవరు అడిగేవారు, ఎవరు చదివేవారు అన్న ప్రశ్న సహేతుకమైనదే. గోండులకు దక్కిన భూమిలో మొదటి పాలు రక్తం చిందించినవారిదని మేము విశ్వసిస్తున్నాము. ఇంకొక విమర్శ కూడ ఉన్నది. గిరిజనులకు ప్రత్యేక రక్షణలు కల్పించాలని వెరియర్ ఎల్విన్ వంటివారు వాదించిన రోజులలో, బొంబాయి ఆచార్యుడు ఘుర్యే ఆ వాదాన్ని ఖండిస్తూ 1943లో గ్రంథం వ్రాశారు. గిరిజనులను వేరుచేసి ఉంచడంకంటె దేశప్రజలలో కలుపుకొనడమే మేలని ఆయన మతం. ఈ వాదోపవాదాలలో హైమన్‌డార్ఫ్ రక్షణ పక్షాన నిలిచారు. అయితే ఆయన కోరినది ఒంటరితనం కాదు. చదువు, పట్టా, న్యాయస్థానం గిరిజనునికి కూడ అందిన తరువాతనే బయటి లోకంతో కలయిక సమానుల కలయిక అవుతుందన్నదే ఆయన ఆచరణలోని తాత్పర్యం.

ఆయన 1949లో లండను విశ్వవిద్యాలయానికి చెందిన స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉపన్యాసకులుగా చేరి, 1951లో ఆచార్యులై, 1976లో ఉద్యోగ విరమణ చేసేవరకు అక్కడ ఆసియా మానవశాస్త్ర బోధనకు నాయకత్వం వహించారు. 1953 నుండి నేపాళంలో సంచరించి షేర్పాలపై 1964లో ప్రామాణిక గ్రంథం వెలువరించారు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు ఆ విద్యాసంస్థలో భద్రపరచబడి ఉన్నాయి. బ్రిటనులోని రాయల్ ఆంత్రపలాజికల్ ఇన్‌స్టిట్యూటుకు ఆయన అధ్యక్షత వహించారు. ఇన్ని గౌరవాలు దక్కినా మార్లవాయిని ఆయన మరువలేదు.

పదవీ విరమణానంతరం, విశ్రాంతి కోరదగిన వయస్సులో, ఆయన మరల ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి తాను వెనుక పరిశోధించిన పల్లెలన్నిటిని తిరిగి పరిశీలించారు. అక్కడి దృశ్యం ఆయన మనస్సును కలచివేసింది. అడవిలోకి బాటలు పడ్డాయి. బాటల వెంట వలసవచ్చిన రైతులు, వ్యాపారులు వచ్చారు. 1959లో చేసిన భూబదలాయింపు నిబంధన, దానిని కట్టుదిట్టం చేసిన 1970 నాటి సవరణ కాగితంపై ఉన్నప్పటికీ, పట్టాలు పొందిన భూములు అనేకచోట్ల చేతులు మారాయి. గోండీ తెలిసిన అధికారులు బదిలీ అయి వెళ్లారు. వారి స్థానంలో వచ్చినవారికి వెనుకటి చరిత్ర తెలియదు. గోండీ వాచకాలు మూలబడ్డాయి. నలుగురు కలిసి మోసిన పల్లకి, బోయీలు ఒక్కొక్కరే ప్రక్కకు తొలగిపోగా నేలబడినట్లయినది. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ జరుపదలచిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదముగ్గురు మరణించారు. 1940లో ఏ ప్రశ్న జోడేఘాటులో వినిపించినదో, నలభై ఒక్క సంవత్సరాల తరువాత అదే ప్రశ్న ఇంద్రవెల్లిలో వినిపించింది.

ఈ పునఃపరిశీలన ఫలితాలను ఆయన 1982లో భారతదేశపు తెగల మనుగడ పోరాటంపై వెలువరించిన గ్రంథంలో నిర్మొగమాటంగా వివరించారు. అందులో యువ పరిశోధకులు మైకేల్ యార్క్, జయప్రకాశరావుల రచనలను కూడ చేర్చారు. తాను ఒంటరిగా సర్వమూ ఎరుగనని, తన తరువాతివారి చూపు కూడ అవసరమని గుర్తించిన ఔదార్యం అది. తన శ్రమ వ్యర్థమైనచోట వ్యర్థమైనదని వ్రాయడానికి ఆయన వెనుదీయలేదు. పరిశోధకుని నిజాయితీకి ఇంతకంటె గీటురాయి లేదు.

1987 జనవరి 11వ తేదీన బెట్టీ హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలో, గోండుల ఆచారాలతో, వారి సమాధుల నడుమనే ఖననం చేశారు. ఆచార్య హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11వ తేదీన లండనులో దివంగతులైనారు. తదనంతర కాలంలో, 2012లో, కుమారుడు ఆయన అస్థికలను తెచ్చి ఆమె సమాధి ప్రక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న మార్లవాయి గోండులు ఆ దంపతులకు శ్రద్ధాంజలి ఘటిస్తారు. సముద్రాలు దాటివచ్చిన పండితునికి ఒక కొండపల్లె ఇచ్చిన గౌరవం ఇది.

ఇక మన ప్రాంతంవైపు దృష్టి సారిద్దాం. ఆయన చెంచులకు కోరిన అమ్రాబాదు అడవి 1983లో పెద్దపులుల సంరక్షణ ప్రాంతంలో చేరింది. పులికి రక్షణ కావలసినదే. చెంచుకు కూడ కావలసినదే. ఒక రక్షణ మరొక రక్షణకు శత్రువు కాకుండ చూడడం ఎట్లాగన్నది నేటికీ తేలవలసిన చిక్కు. మన శ్రీహరికోటలో యానాదులు అడవి ఫలసాయం సేకరించి జీవించేవారు. 1971 నుండి అక్కడి నుండి రాకెట్లు ఎగురుతున్నాయి. పులికాట్ సరస్సు, నేలపట్టు చెరువు 1976లో పక్షుల రక్షిత స్థలాలైనాయి. దేశానికి రాకెట్టూ కావాలి, రాజహంసా కావాలి. కాని అదే నీటిలో వల వేసే బెస్తవాని సంగతి, అదే చిట్టడవిలో మందుమొక్కలు ఎరిగిన యానాది సంగతి ఎవరి దస్త్రంలో ఉన్నది? పులికాట్ బెస్తవారు ఎవరు ఏనాడు ఎక్కడ వల వేయవలెనో వంతులవారీగా పంచుకొనే పాడు అనే కట్టుబాటును ఏర్పరచుకొన్నారు. సరస్సును కాపాడే యోజనలు వ్రాసేవారికి ఆ కట్టుబాటు తెలిసి ఉండడం ఎంతైనా అవసరం.

ఈ దారిలో మన నెల్లూరు సీమకు కూడ ఒక పెద్ద దిక్కు ఉండేవారు. స్వాతంత్ర్య సమరయోధులు వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల సేవలో జీవితం గడిపి, వారిని గురించి 1962లో గ్రంథం వ్రాశారు. నేరస్థ జాతుల చట్టం అనే కళంకం 1952లో రద్దు కావడానికి దేశంలో కృషి చేసినవారిలో ఆయన ఒకరు. పరిశోధన, సేవ రెండు వేరు మార్గాలు కావని హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదులో నిరూపించగా, రాఘవయ్యగారు మన నెల్లూరులోనే నిరూపించారు.

ఈ జీవితం నుండి మనం నేర్వదగినవి మూడు. మొదటిది, ప్రకృతిని గూర్చిన శాస్త్రం, మనుష్యుని గూర్చిన శాస్త్రం చేయి చేయి కలుపనిదే ఏ అడవీ, ఏ సరస్సూ నిలువదు. రెండవది, విషయం తెలిసినవారు, అధికారం ఉన్నవారు, కష్టం అనుభవించేవారు ఒకే పందిరి క్రింద కూర్చొనాలి; వీరిలో ఏ ఒక్కరు లేకున్నా తీర్మానం కుంటిదవుతుంది. మూడవది, ఆ కూర్పు ఒక వ్యక్తి మంచితనంపై మాత్రమే ఆధారపడరాదు. వ్యక్తి వెళ్లినా నిలిచే ఏర్పాటు కావాలి. హైమన్‌డార్ఫ్ వెళ్లిన తరువాత పట్టాలు చేతులు మారాయి, నాగోబా దర్బారు మాత్రం నిలిచింది. దర్బారును ప్రజలు తమ జాతరలో భాగం చేసుకొన్నారు గనుకనే అది నిలిచింది. అడవిహక్కులపై 2006లో పార్లమెంటు చేసిన చట్టం గ్రామసభకు ప్రాధాన్యం ఇవ్వడంలోని మర్మం కూడ ఇదే.

కళాశాల కార్యవర్గంవారికి మా విన్నపం ఒకటి. మన వృక్షశాస్త్ర, అర్థశాస్త్ర విద్యార్థులు, ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి ఏటా ఒక తీరగ్రామాన్ని ఎన్నుకొని, అక్కడి నేల, నీరు, చెట్టు, వృత్తి, అప్పు, బడి మున్నగు విషయాలను నమోదు చేసే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. ఒకరు మొక్కల పేర్లు వ్రాయగలరు, ఒకరు ఖర్చుల లెక్క తీయగలరు, ఇంకొకరు ముసలివారి జ్ఞాపకాలను వారి మాటలలోనే పట్టుకొనగలరు. దీనికి పెద్ద ధనం అక్కరలేదు; నడిచే కాళ్లు, వినే చెవులు, ఓర్పు ఉంటే చాలును. వ్రాసినదాని ప్రతిని ఆ గ్రామస్థులకు చదివి వినిపించిన తరువాతనే కళాశాల గ్రంథాలయంలో ఉంచాలి.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు అటవీశాఖలోను, రెవెన్యూలోను, బడులలోను ఉద్యోగులవుతారు. ఏదో ఒక దినాన మీ బల్లమీదికి ఒక పటం వస్తుంది. దానిపై ఒక గీత గీయవలసి వస్తుంది. ఆ గీతకు ఆవల ఉన్నది బీడా, లేక ఎవరో కొన్నేళ్లు విశ్రాంతినిచ్చిన పొలమా అని విచారించిన పిమ్మటనే కలం కదపండి. ఆ విచారణ జరిగిననాడు ఆచార్య హైమన్‌డార్ఫ్ శ్రమ మన తీరంలో కూడ ఫలించినట్లు.